మతహింస మీద నవలని ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం వదలాలంటే: ఒక బైండింగు మేస్త్రి జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఫ్రాన్సులో రాజు ప్రొటెస్టెంట్లని వేధించి తరిమేసిన కాలం మీద ఒక అనువాద నవల చదివారు. పట్టు నేసే కుటుంబం కథ. మనసుకి పట్టింది. అల్మారాలో పెట్టి తాళం వేయాలని లేదు. తెలిసినవాళ్లకిస్తే మొహమాటానికి తీసుకుని టీవీ కింద పెడతారు. అందుకని విజయవాడలో ఎక్కడన్నా వదిలేస్తే, ఎవరో ఒకరు తీసుకుని చదివితే చాలనుకుంటున్నారు. ఎక్కడ పెట్టాలి, లోపల ఏం రాయాలి, మతం సంగతి కాబట్టి చిక్కులు వస్తాయా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతా. వదలండి, ఏం ఫరవాలేదు. గుడికి, చర్చికి, మసీదుకి దగ్గర్లో మాత్రం వద్దు. రైల్వే స్టేషన్లో, బస్టాండులో సంచిలో చుట్టి పెట్టడం అసలే వద్దు. జనం రోజూ వచ్చి కాసేపు కూర్చునే చోటు, దానికొక యజమాని ఉండే చోటు చూసుకోండి. సెలూను, టైలరు కొట్టు, జిరాక్సు కొట్టు ఏదైనా సరే. మీ పుస్తకం వరకైతే నేను విజయవాడలో కాదు, మంగళగిరిలో పెడతాను. ఎందుకో కింద చెబుతా. లోపల చేత్తో నాలుగు ముక్కలు రాయండి. ఫోన్ నంబరు రాయకండి.

నా సంగతి కొంచెం చెబితేగానీ ఈ మాటలకి విలువుండదు. విజయవాడ గవర్నరుపేటలో మా నాన్న పెట్టిన బైండింగు కొట్టు నాది. కోర్టు కాగితాలు, కాలేజీ రికార్డులు, షావుకార్ల చిట్టా ఆవర్జాలు కుట్టి బతికాం. ఈ పనిలో ఒక ఇబ్బందుంది. పుస్తకం ఇచ్చి కుట్టమంటారు, అడ్వాన్సు ఇస్తారు, మళ్లీ రారు. ఫోన్ చేస్తే రేపంటారు. కొందరు పోతారు కూడా, వాళ్ల పిల్లలకి ఆ పుస్తకం సంగతే తెలియదు. అలాంటివి మూడేళ్లు అటక మీద ఉంచి, ఇంక రారనుకున్నవి తీసి జనంలో వదలడం మొదలుపెట్టాను. పన్నెండేళ్లయింది. వందకి పైనే వదిలాను. అందులో మీరు చెప్పినలాంటివి, అంటే ఒకళ్లని ఒకళ్లు మతం పేరునో కులం పేరునో తరిమిన కథలు, పాతిక దాకా ఉంటాయి. వంటల పుస్తకం వదలడం వేరు, ఇవి వదలడం వేరు. అది నాకు తన్నులు తినే దాకా వచ్చాక తెలిసింది.

మొదటి నిమిషం గురించి ఆలోచించండి. బెంచీ మీద పుస్తకం కనపడగానే మనిషికి వచ్చే అనుమానాలు మూడు. ఎవరో మరిచిపోయారేమో. ఏదన్నా ప్రచారమేమో. ఇందులో ఏదన్నా మోసం ఉందేమో. ఈ మూడూ తీరితేగానీ చెయ్యి ముందుకి రాదు.

మూడోదాన్ని నేను బాగా తక్కువ అంచనా వేశాను. మొదట్లో ముచ్చటపడి పుస్తకానికి బ్రౌన్ పేపరు చుట్టి, పైన దారం కట్టి, ప్లాట్‌ఫారం మీద బెంచీ పక్కన పెట్టాను. స్టేషన్లో మైకులో రోజంతా ఒకటే చెబుతుంటారు కదా, ఎవరిదో తెలియని వస్తువులు ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పండి అని. జనం చెప్పారు. నేను స్తంభం చాటునుంచి ఎవరు తీసుకుంటారో చూద్దామని నిలబడ్డాను, అది ఇంకా పెద్ద తప్పు. కానిస్టేబులు లాఠీతో దాన్ని కదిపి చూస్తున్నాడు, నేను పరుగెత్తుకెళ్లి అది నాదే అన్నాను. మరి చాటుగా ఎందుకు నిలబడ్డావన్నారు. గంటన్నర కూర్చోబెట్టారు. వాళ్ల తప్పేం లేదు. అప్పట్నుంచి పుస్తకం చుట్టను, కట్టను. అట్ట పైకి కనపడేలా, చదివేవాళ్లు సగంలో లేచి వెళ్లినట్టు పెడతాను.

విదేశాల్లో దీనికి బుక్‌క్రాసింగ్ అని పేరు పెట్టి, 2001 నుంచి ప్రతి పుస్తకానికీ ఒక నంబరు వేసి, అది ఏ ఊరు చేరిందో ఇంటర్నెట్లో రాసుకునే ఏర్పాటు చేసుకున్నారు. మంచిదే. మన దగ్గర ఆ నంబరు చూస్తే లాటరీ అనుకుంటారు. నేను ప్రయత్నించి మానేశాను.

ఇక రెండో అనుమానం, ప్రచారం. మీ నవలకి అసలు సమస్య ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతా.

మన ఊళ్లలో ఊరికే ఇచ్చే పుస్తకం అంటే మత పుస్తకమే. బస్సు సీట్లో చిన్న పుస్తకం కనపడితే సువార్త కరపత్రమో, ఏదో ఒక స్వామివారి సంస్థదో అనుకుంటారు. ఊరికే వచ్చే పుస్తకం వెనక ఎవరో ఏదో ఆశిస్తారని జనానికి గట్టి నమ్మకం. అనుభవం మీద వచ్చిన నమ్మకమే. అలాంటిచోట మీరు క్రైస్తవుల మీద హింస అన్న నవల పెడితే హిందువులు దాన్ని ప్రచారం అనుకుంటారు. సరే, చర్చి దగ్గరే పెడదాం అంటారా? ఏ చర్చి? మీ నవలలో హింసించింది కాథలిక్ రాజు, హింస పడింది ప్రొటెస్టెంట్లు. గుణదల మాత కొండ కింద, అందులోనూ ఫిబ్రవరిలో తిరునాళ్లప్పుడు ఆ పుస్తకం పెట్టారనుకోండి, లూర్దుమాతకి మొక్కు తీర్చుకోడానికి కాలినడకన వచ్చినవాళ్ల చేతిలో అది ఎలా ఉంటుంది? మీ వాళ్లు ఇలాంటివాళ్లు అని ఎవరో మొహాన రాసి పెట్టినట్టు ఉంటుంది. పోనీ గుంటూరులో లూథరన్ చర్చి దగ్గరా? అక్కడ 1842లో మిషనరీ హయ్యరు దొర వచ్చినప్పట్నుంచి లూథరన్లున్నారు. వాళ్లకి ఈ కథ మా వాళ్ల కథ అనిపిస్తుంది, చదువుతారు, కన్నీళ్లు కూడా పెట్టుకుంటారు. కానీ ముందే మన పక్షాన ఉన్నవాళ్లకి ఇవ్వాలంటే వదలడమెందుకు, పోస్టులో పంపిస్తే సరిపోతుంది.

ఈ పాఠం నాకు వేరే పుస్తకం నేర్పింది. రజాకార్ల కాలం నవల. అటక మీద అయిదేళ్లుంది. నిజాం సంస్థానం పల్లెల్లో రజాకార్ల దాడులు, జనం రాత్రికి రాత్రి పిల్లల్ని ఎత్తుకుని సరిహద్దు దాటి ఇటు రావడం, అదంతా ఉంది అందులో. 1947, 48ల్లో అలా వచ్చినవాళ్లకి కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్లలో శిబిరాలు నడిచాయని మా నాన్న కూడా చెప్పేవాడు. మన ఊరికి సంబంధించిన చరిత్రే కదా అని వన్‌టౌన్లో ఒక టీకొట్టు బల్ల మీద పెట్టొచ్చాను. అది సాయిబుగారి కొట్టని తెలుసు. తెలిసే పెట్టాను. నిజం చెప్పాలంటే అందరూ చదవాలి కదా అని లోలోపల కొంచెం పెద్దరికం కూడా ఉంది.

నాలుగో రోజు టీకి వెళితే పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉంది. పెద్దాయన నా చేతి వేళ్లకి అంటిన జిగురు మరకలు చూశాడు, పుస్తకం వెన్ను చూశాడు. "మేస్త్రీ, ఇది మీరు కుట్టిందేనా?" అన్నాడు. ఔనన్నాను. "చదివాను. అబద్ధం ఏం లేదు. కానీ సెప్టెంబరు పదిహేడుకి కథ ఆపేశాడు. మా నాయన కథ పద్దెనిమిదో తారీకున మొదలైంది," అన్నాడు. వాళ్ల నాన్న బీదరు వైపు నుంచి వచ్చాడట. 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చి 17కి నిజాం లొంగిపోయాక, ఆ పక్క జిల్లాల్లో రజాకార్లతో సంబంధం లేని ముస్లిం కుటుంబాల మీద కూడా జనం పడ్డారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని లెక్క వేసింది. ఆ నివేదిక చాలా కాలం బయటికి రాలేదు. నాకు అవేవీ తెలియవు అప్పటికి. టీ చల్లారిపోయింది.

పుస్తకం వెనక్కి తీసుకుంటానన్నాను. ఎందుకు, నాలుగు తెల్లకాగితాలు కుట్టి ఇవ్వండి అన్నాడాయన. కుట్టిచ్చాను. తెలుగులోనే రెండు పేజీలు రాశాడు, వాళ్ల నాన్న ఏ ఊళ్లో ఏ పని చేసేవాడో, ఎవరు దాచారో, ఎలా బయటపడ్డాడో. దాచింది ఒక లింగాయతు కుటుంబం అని కూడా రాశాడు. ఆ పుస్తకం మళ్లీ నేనే వదిలాను, ఈసారి ఏలూరు రోడ్డులో ఒక జిరాక్సు కొట్లో. తర్వాత దాని జాడ తెలియదు. ఆ రోజు నుంచి నేను వదిలే ప్రతి పుస్తకానికీ చివర నాలుగు తెల్లకాగితాలు కుడతాను. మీరూ కుట్టించండి. హింస కథ రాసినవాడు ఎక్కడో ఒకచోట ఆపాలి. వాడు ఆపిన తారీకు తర్వాత పుట్టిన కష్టం కూడా ఒకళ్లకి ఉంటుంది. మీ నవలకే చూడండి. నూరేళ్లు దాటగానే అదే ఫ్రాన్సులో, 1792 సెప్టెంబరులో, పారిస్ జైళ్లలో రెండొందల మందికి పైగా కాథలిక్ గురువుల్ని చంపారు. గుణదల మనిషి ఎవరన్నా ఆ కాగితాల మీద అది రాస్తే, రాయనివ్వండి.

ఇప్పుడు మంగళగిరి సంగతి.

పుస్తకంలో మనుషులు ఏ మతం వాళ్లో చూసి చోటు వెతక్కండి. ఏ పని చేసుకుని బతికారో చూసి వెతకండి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దీని చుట్టూ అల్లిందే. మతం చూసి పెడితే చదివేవాడు మొదటి పేజీలోనే ఎటు నిలబడాలో తేల్చుకుంటాడు. పని చూసి పెడితే ముందు ఆ మనుషుల చేతులు చూస్తాడు.

ఆ ఫ్రాన్సు చరిత్ర నాకు కొంచెం తెలుసు. ఒక రిటైరైన లెక్చరరు గారు ముక్కలైపోయిన ఇంగ్లీషు చరిత్ర పుస్తకం ఇచ్చి, కుడుతున్నన్నాళ్లూ పక్కన కుర్చీ వేసుకుని అందులోది చెప్పేవారు. 1598లో నాంట్ అనే ఊళ్లో ఒక శాసనం ఇచ్చి ప్రొటెస్టెంట్లని, అక్కడి మాటలో హ్యూగనాట్లని, వాళ్ల నమ్మకం ప్రకారం బతకనిచ్చారు. 14వ లూయీ 1685 అక్టోబరులో దాన్ని రద్దు చేశాడు. అంతకు నాలుగేళ్ల ముందునుంచే గుర్రపు సైనికుల్ని హ్యూగనాట్ల ఇళ్లలో మకాం పెట్టించేవారు. మతం మారేదాకా ఆ ఇంటివాళ్లే వాళ్లకి తిండి పెట్టాలి, వాళ్ల ఆగడాలు భరించాలి. రద్దయ్యాక పాస్టర్లకి పదిహేను రోజుల గడువిచ్చి దేశం విడిచిపొమ్మన్నారు, మామూలు జనాన్ని మాత్రం కదలొద్దన్నారు. పారిపోతూ దొరికితే మగవాళ్లని తెడ్లు వేసే ఓడల్లో గొలుసులకి కట్టేశారు, ఆడవాళ్లని జైళ్లలో పెట్టారు. మరీ ద్యురాన్ అనే ఆవిడ 1730 నుంచి 38 ఏళ్లు ఒక బురుజులో ఉండిపోయింది. అయినా సుమారు రెండు లక్షల మంది ఎలాగో దాటిపోయారు. హాలెండు, జర్మనీ, ఇంగ్లండు.

నాకు బాగా గుర్తుండిపోయింది వాళ్ల పుస్తకాలు. ఆడవాళ్లు కొప్పులో దాచుకునేంత చిన్న బైబిళ్లు ఉండేవట. బైండరుగా నేను ఆగిపోయింది అక్కడ. కొప్పులో పట్టే పుస్తకానికి వెన్ను ఎంత పలచగా కుట్టి ఉంటారు, దారం ఏం వాడి ఉంటారు అని రెండ్రోజులు అదే ఆలోచన.

అలా పారిపోయినవాళ్లలో పట్టు నేతగాళ్లు చాలామంది. లండన్లో స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేటలో మగ్గాలు వేసుకున్నారు, ఆ పేట పట్టుకి పేరొచ్చింది. మీ నవల కుటుంబం కూడా అలాంటిదే అన్నారు కాబట్టి చెబుతున్నా. మన పక్కనే మంగళగిరి ఉంది, బెజవాడ నుంచి అరగంట. గుంట మగ్గాలు, నిజాం అంచు చీరలు. ఆ వీధుల్లో మగ్గం చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, వెనకటంత కాకపోయినా. సైనికుడు వచ్చి మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, కత్తితో కోసేశాడని మీ నవలలో ఉందన్నారు చూడండి, దాని విలువ నాకూ మీకూ తెలియదు. ఒక పడుగు వేయడానికి ఇంటిల్లిపాదీ ఎన్నాళ్లు పడతారో తెలిసినవాళ్లకి తెలుస్తుంది.

నేను ఊరికే ఊహించి చెప్పడం లేదు. ఆరేళ్ల కిందట నేతవాళ్ల వలసల మీద ఒక నవల అక్కడ నూలు కొట్లో పెట్టాను, కొట్టాయన్ని అడిగే పెట్టాను. ఏడాది తర్వాత ఆ దారిన వెళితే ఆయన లోపల్నుంచి తెచ్చి చూపించాడు. అట్ట పోయింది, మూలలు నలిగాయి, మధ్యలో పసుపు మరక. కండెలు చుట్టే ఒకావిడ మగ్గం పక్కన కూర్చుని వాళ్లాయనకి చదివి వినిపించిందట, తర్వాత పక్కింటికి, అక్కణ్నుంచి వెనక వీధికి. నా తెల్లకాగితం మీద ఆవిడ రాసింది ఒకే ముక్క: "112వ పేజీలో మగ్గం మీదకి ఎక్కించాక పడుగుకి గంజి పెట్టారని రాశారు. అట్టా కుదరదు. గంజి ముందే పెట్టాలి." ఆ రచయితకి వచ్చిన సమీక్షల్లో ఇంతకన్నా శ్రద్ధగా చదివింది ఇంకొకటి ఉంటుందా అని నాకు అనుమానం.

కాబట్టి మంగళగిరి వెళ్లండి. గాలిగోపురం దగ్గర కాదు, అక్కడ మళ్లీ గుడి జనం. నేతపేటల్లోకి వెళ్లి నూలు కొట్టో, అక్కడి సెలూనో చూసుకోండి. యజమానికి ఒక్క మాట చెప్పండి, "చదివిన పుస్తకమండి, ఎవరన్నా చదువుకుంటారని ఇక్కడ పెడుతున్నా" అని. తెలియనివాళ్ల కోసం వదలడం అంటే దొంగచాటుగా పెట్టడం అని చాలామంది అనుకుంటారు. చదివేవాళ్లు తెలియకపోతే చాలు, కొట్టాయనకి తెలిస్తే నష్టం ఏముంది? ఆయనకి తెలియకపోతే సాయంత్రం ఊడ్చేటప్పుడు పాత కాగితాల్లో పడేస్తాడు.

లోపల రాయాల్సింది. అట్ట తిప్పగానే కనపడేలా, బాల్‌పెన్నుతో, పెద్దక్షరాలతో. నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"ఈ పుస్తకం ఎవరూ మరిచిపోలేదు. మీరు తీసుకోవచ్చు. డబ్బులేం లేవు. సుమారు మూడొందల నలభై ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఒక పట్టు నేతగాళ్ల ఇంటి కథ. పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కుపోయే ఘట్టాలున్నాయి, అది చూసుకుని చదవండి. చదివాక ఇంకెవరికన్నా దొరికేచోట పెట్టండి. ఏదన్నా రాయాలనిపిస్తే చివర తెల్లకాగితాలున్నాయి."

పిల్లల మాట ఎందుకంటే, అది కల్పన కాదు. 1686 జనవరిలో అయిదు నుంచి పదహారేళ్ల లోపు హ్యూగనాట్ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుని కాథలిక్కులుగా పెంచాలని అక్కడ ఉత్తర్వే ఉంది. మీ నవలలో అది తప్పకుండా వచ్చి ఉంటుంది. ముందు చెప్పకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాను. దేశ విభజన కాలం నవలని ఒక పురుటాసుపత్రి వరండాలో పెట్టాను. నా బుర్ర తక్కువతనం. కూతురి కాన్పుకి వచ్చిన ఒక పెద్దావిడ రాత్రంతా కూర్చుని చదివి, తెల్లవారుజామున రైలు ఘట్టం దగ్గర గుండె పట్టుకుందట. ఆవిడకేం కాలేదు. నర్సమ్మ మాత్రం తర్వాత నన్ను గుర్తుపట్టి పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. అప్పట్నుంచి ఆసుపత్రుల్లో ఇలాంటివి పెట్టను. నవ్వుకునే పుస్తకాలైతే పెడతాను.

రాయకూడనివి మూడు. "ఇది మత ప్రచారం కాదు" అని రాయొద్దు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది, లేని అనుమానం పుట్టిస్తుంది. "ఈ రోజుల్లో అందరూ చదవాల్సిన పుస్తకం" అనీ వద్దు. ఈ రోజుల్లో అన్నామంటే ఎవర్ని అంటున్నామో చదివేవాడు తన చుట్టూ వెతుక్కుంటాడు. ఇక ఫోన్ నంబరు. నేను మొదట్లో రాశాను. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి "పార్టీ ఏదండి మీది?" అని అడిగారు. ఒకాయన పాత పుస్తకాలు కిలోల్లెక్కన కొంటారా అన్నాడు. మీరు ఆడపిల్ల అయితే ఇంకా జాగ్రత్త. కబురు కావాలంటే దీనికోసమే ఒక మెయిలు పెట్టుకోండి, పేరు లేకుండా.

చిక్కుల గురించి అడిగారు. నేను ప్లీడర్ని కాదు, ప్లీడర్ల ఫైళ్లు కుట్టినవాణ్ణి, అంతే. మామూలుగా అచ్చయి అంగట్లో అమ్మే నవలని ఊరికే ఇచ్చినంత మాత్రాన తప్పేం లేదు. మతాల మధ్య వైరం రెచ్చగొట్టడం, కావాలని మత విశ్వాసాల్ని అవమానించడం నేరాలు, పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) 153ఎ, 295ఎ సెక్షన్లు. 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్లు. ఎవరన్నా గొడవ పెట్టుకోవాలనుకుంటే నవల జోలికి వెళ్లడం కన్నా మీరు చేత్తో రాసిన చీటీ పట్టుకోవడం సులువు. అందుకే అందులో అభిప్రాయాలు వద్దంటున్నాను. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో అచ్చేసిన చీటీలు అసలు వద్దు. ప్రింటరు పేరు లేని కరపత్రం అనుకుంటే మీకు ఒక పూట వృథా. చేతిరాత అన్నివిధాలా మేలు, దాని వెనక ఒక మనిషి ఉన్నట్టు కనపడుతుంది.

మంగళగిరి వెళ్లే తీరిక లేకపోతే మిగతా చోట్ల సంగతి గబగబా చెప్పేస్తా. ఆర్టీసీ బస్సులో వదిలితే కండక్టరు దాన్ని పోయిన సామాను కింద డిపోలో అప్పజెబుతాడు. అది ఆయన డ్యూటీ. పినాకిని, రత్నాచల్ లాంటి పగటి రైళ్లలో సీటు ముందు వలలో పెడితే కొంత నయం, అయినా ఆఖరి స్టేషన్లో శుభ్రం చేసేవాళ్లు తీసేస్తారు. కాబట్టి ఎక్కగానే పెట్టి మీరు ఏలూరులోనో తెనాలిలోనో దిగిపోవాలి. పార్కుల్లో మంచు, కుక్కలు. టీకొట్ల బల్లల మీద రెండోరోజుకే నూనె, పైగా పకోడీ పొట్లానికి పేజీలు చింపే ప్రమాదం ఉంది, సరదాకి అనడం లేదు. జనవరిలో పుస్తకాల పండగలో వదలడం మరీ దండగ. అంత పుస్తకాల మధ్య ఇది ఏ స్టాలుదో అనుకుని మళ్లీ ఎవరో బల్ల మీద పెట్టేస్తారు.

గ్రంథాలయానికి ఇవ్వొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఇవ్వొచ్చు. ముద్ర వేసి, నంబరు వేసి, బీరువాలో పెడతారు. అడిగినవాడికే అది దొరుకుతుంది. అడగాలని కూడా తెలియనివాడి కోసం కదా మీ తాపత్రయం. మన ప్రాంతంలో ఒకప్పుడు గ్రంథాలయమే ఆ పని చేసింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. రేవుకి నీళ్లకొచ్చినవాళ్ల ముందుకి పుస్తకం వచ్చి ఆగేది. మీరూ నేనూ చేసేది దాని ముందు పిల్లలాట.

వదిలే ముందు పుస్తకాన్ని సిద్ధం చేయండి. ఈ రోజుల్లో వచ్చే నవలలు చాలావరకు జిగురుతో అంటించినవి, దారంతో కుట్టినవి కావు. మన ఎండలకి, మే నెలలో కిటికీ పక్కన వారం ఉంటే జిగురు పెళుసెక్కి పేజీలు రాలతాయి. పక్కకుట్టు, అంటే వెన్ను పక్కన పేజీలన్నిట్నీ కలిపి గుచ్చే కుట్టు, వేయించి, వెన్నుకి క్యాలికో గుడ్డ అంటించమనండి. జిగురులో మైలుతుత్తం కలపమంటే పురుగు పట్టదు, కానీ పసిపిల్లలుండే చోట పెట్టేదైతే వద్దు, అది విషం. పైన ప్లాస్టిక్ అట్ట వేయిస్తే వానకి కొంత ఆగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో ఒక టైలరు కొట్లో నేను పెట్టిన రెండు పుస్తకాలూ మునిగాయి. ప్లాస్టిక్ అట్ట వేసింది ఆరబెడితే చదవడానికి పనికొచ్చింది, రెండోది ఉండకట్టింది.

ఆఖరికి, మీరు అడగలేదుగానీ అందరికీ ఉండే కోరిక: ఎవరు చదివారో తెలుస్తుందా? తెలియదండి. వందకి పైగా వదిలితే కబురు వచ్చినవి పదకొండు. ఒకటి మాత్రం నా చేతికే తిరిగొచ్చింది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర తిరగేస్తుంటే నా కుట్టు కనపడింది, ఎర్ర క్యాలికో, నేను వేసే ముడి. అందులో నాలుగు తెల్లకాగితాలూ నిండిపోయి ఉన్నాయి. నాలుగు రకాల చేతిరాతలు, ఒకటి పెన్సిలు. కొట్టతను నలభై అడిగాడు. ఇది నాదేనయ్యా అంటే, "అందరూ అదే అంటారు బాబాయ్" అన్నాడు. నలభై ఇచ్చి తెచ్చుకుని, ఇంకో ఆరు కాగితాలు కుట్టి, మళ్లీ తెనాలి బండెక్కాను.

మీ నవల ఎన్ని పేజీలో రాయలేదు. నాలుగొందలు దాటితే పక్కకుట్టు వేయిస్తే సరిగా తెరుచుకోదు, మధ్యలో అక్షరాలు మింగేస్తుంది. అప్పుడు వెన్ను కోయించి, విడిపేజీల్ని పట్టీలతో జతచేసి ఫారాలుగా, అంటే మధ్యకి మడిచిన చిన్న చిన్న కట్టలుగా, కుట్టమనండి. రెండ్రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.